గోడ మీద ఎర్రగుర్తు

మా ఇంట్లో ఒక రేకు ట్రంకుపెట్టె ఉండేది. దాంట్లో బట్టలు పెట్టేవాళ్లు కాదు. దాదీ నిఖానామా, అబ్బా స్కూలు సర్టిఫికెట్లు, ఇంటిపన్ను రసీదులు, అన్నిటికన్నా అడుగున పాత చీరముక్కలో చుట్టిన ఇంటి కాగితం. వానాకాలం వెళ్లాక ఏడాదికొకసారి అమ్మీ ఆ పెట్టెను ఎండలో పెట్టేది. పిల్లలం ముట్టుకోబోతే దాదీ కసిరేది. "ఇల్లు కూలితే మళ్లీ కట్టుకుంటాం. ఆ కాగితం పోతే ఈ ఊళ్లో మనం ఎవరం?" అనేది.

1980ల మొదట్లో, నేను ఆరో తరగతి చదివే రోజుల్లో, ఒక పొద్దున మునిసిపాలిటీ మనుషులు ముగ్గురొచ్చారు. ఒకరు టేపు పట్టుకున్నారు. ఒకరు పుస్తకంలో రాసుకున్నారు. మూడో మనిషి మా గోడ మీద ఎర్రరంగుతో ఒక గీత గీసి పక్కన అంకె వేశాడు. రోడ్డు వెడల్పు చేస్తారట. మా ముందరి దాలాన్ మొత్తం, దాని వెనక గదిలో సగం ఆ గీత లోపల పడ్డాయి.

అబ్బా సైకిళ్ల రిపేరు చేసేవాడు. చేతులకున్న గ్రీజు తుడుచుకుని పెట్టె తెరిచి కాగితం తెచ్చి చూపించాడు. రాసుకుంటున్నాయన దాన్ని తిరగేసి మరగేసి చూశాడు. నిజాం కాలపు స్టాంపు కాగితం, ఉర్దూ రాత.

"ఇదేం రాత సాయిబూ? మాకెవలికొస్తది ఇది? తెలుగుల ఉంటే పట్కోని ఆఫీసుకు రా. లేకుంటే కబ్జా కిందనే లెక్క" అన్నాడు.

తలుపు చాటున నిలబడి దాదీ అంతా వింది. "వాళ్లకు చదవరాకపోతే ఇల్లు మనది కాకుండా పోతుందా బేటా?" అని అడిగింది. అబ్బా జవాబు చెప్పలేదు.

పక్కిల్లు ఒక పద్మశాలి కుటుంబానిది. ఆ గోడ మీదా అదే ఎర్రగుర్తు. సాయంత్రం ఆ ఇంటి పెద్దాయన తన కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "తమ్మీ, నాది సుత తురకంలనే ఉన్నది. మీకేమన్న సమజైతదేమో జర చూడు" అన్నాడు. అబ్బా కూడా ఆ గొలుసుకట్టు రాత చదవలేకపోయాడు. ఉర్దూ మా మాటే గానీ దస్తావేజుల ఉర్దూ వేరు. చివరికి ఇద్దరూ కలిసి, నిజాం జమానాలో ఉర్దూ మీడియంలో చదువుకున్న ఒక ముసలి పట్వారి పంతులు ఇంటికి వెళ్లారు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండు కాగితాలూ పైకి చదివి, రెండింటినీ తెలుగులో రాసిచ్చాడు. ముస్లిం ఇంటి కాగితం, సాలెల ఇంటి కాగితం, రెండూ ఒకే భాషలో, ఒకే చేతిరాతలో ఉన్నాయని ఆ రోజే మాకు తెలిసింది. ఆ కథ చివర ఏమైందో తర్వాత చెప్తాను.

ఊరికి రోడ్డు వేయాల్సిన మునిసిపాలిటీకి మా గోడ మీద ఎంత అధికారం ఉంది? అది ఎక్కడ ఆగాలి? ఆగకపోతే ఆపేదెవరు? ఈ ప్రశ్నలు మాకే వచ్చినవి కావు. వీటికి పెద్ద చరిత్ర ఉంది. ఇప్పుడు ముస్లింల బతుకుల్లో అవి మిగతా ప్రశ్నలన్నిటికన్నా ముందుకొచ్చి కూర్చున్నాయి.

లండన్లో ఒక రాత్రి

ఇంగ్లండులో 1863లో ఒక తీర్పు వచ్చింది. లండన్ నగరం దక్షిణ భాగంలో వాండ్స్‌వర్త్ అనే ప్రాంతం. అక్కడి స్థానిక బోర్డు అంటే మన మునిసిపాలిటీ లాంటిదే. 1855లో వచ్చిన చట్టం ప్రకారం ఇల్లు కట్టేవాడు ఏడు రోజుల ముందు బోర్డుకు తెలపాలి. అలా తెలపకపోతే కట్టడాన్ని కూల్చే అధికారం బోర్డుకు ఉంది. కూపర్ అనే బిల్డరు ఇల్లు మొదలుపెట్టాడు. తాను కబురు పంపానని, గడువు నిండకముందే పని మొదలుపెట్టిన మాట నిజమేనని ఆయన అన్నాడు. అసలు కబురే అందలేదని బోర్డు అంది. గోడలు రెండో అంతస్తు దాకా లేచాయి. ఒక రాత్రి బోర్డు మనుషులొచ్చి కట్టినదంతా నేలమట్టం చేశారు.

కూపర్ కోర్టుకు వెళ్లాడు. బోర్డు వాదన సూటిగా ఉంది: చట్టం కూల్చమంది, కూల్చాం. కూల్చేముందు యజమానిని అడగాలని చట్టంలో ఎక్కడుంది? కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. చట్టంలో ఆ మాట లేకపోయినా న్యాయమే ఆ లోటు పూరిస్తుందని చెప్పింది. మనిషి ఆస్తి తీసేసే ముందు అతని మాట వినాలి. కూపర్ తప్పు చేసి ఉండవచ్చు. అయినా అతను చెప్పుకునేదేమిటో వినకుండా కూల్చడం బోర్డు అధికారంలో లేదు.

ఆ తీర్పులో ఒక న్యాయమూర్తి అంతకు ముందు శతాబ్దపు మాట ఒకటి గుర్తు చేశాడు. 1718లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం బెంట్లీ అనే పండితుడి డిగ్రీలను, ఆయన మాట వినకుండా రద్దు చేసింది. ఆ కేసులో ఒక జడ్జి అన్నాడట: దేవుడు కూడా ఆదామును తోటలోంచి పంపేముందు పిలిచి అడిగాడు కదా అని.

ఈ కథ మా ఇళ్లలో అందరికీ తెలుసు. ఖురాన్‌లో ఆరాఫ్ సూరాలో ఆదం, ఆయన భార్య ఆ చెట్టు పండు తిన్నాక అల్లా వాళ్లను పిలిచి, వద్దని చెప్పలేదా అని అడుగుతాడు. వాళ్లు తమ తప్పు ఒప్పుకుంటారు. అంతకన్నా ముందు ఇబ్లీసు సజ్దా చెయ్యనన్నప్పుడు కూడా, ఎందుకు చెయ్యలేదని అడుగుతాడు. అన్నీ తెలిసినవాడికి అడగాల్సిన అవసరం ఏముంది? అయినా అడిగాడు. సైతానుకు కూడా సంజాయిషీ చెప్పుకునే అవకాశం దొరికింది. చిన్నప్పుడు మదర్సాలో విన్న ఈ కథకూ మునిసిపల్ చట్టానికీ సంబంధం ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాత గాని తెలియలేదు.

మసీదు పక్కన ఇల్లు

మా చరిత్రలో ఇంకో కథ ఉంది. పాత చరిత్రకారులు రాసిందే. రెండో ఖలీఫా హజ్రత్ ఉమర్ మదీనాలో ప్రవక్త మసీదును పెద్దది చేయాలనుకున్నాడు. పక్కనే ప్రవక్త పినతండ్రి హజ్రత్ అబ్బాస్ ఇల్లు. అమ్మమన్నాడు, వేరే చోట కట్టిస్తానన్నాడు, మసీదుకు దానంగా ఇమ్మన్నాడు. అబ్బాస్ దేనికీ ఒప్పుకోలేదు. ఇద్దరూ ఉబై బిన్ కాబ్ అనే సహాబీని మధ్యవర్తిగా పెట్టుకున్నారు. ఆయన తీర్పు ఖలీఫాకు వ్యతిరేకంగా వచ్చింది. యజమాని ఒప్పుకోకుండా ఇల్లు తీసుకునే హక్కు ఉమర్‌కు లేదు, అది మసీదు కోసమైనా సరే. తీర్పు తనవైపు వచ్చాక అబ్బాస్ ఆ ఇంటిని పైసా తీసుకోకుండా మసీదుకు ఇచ్చేశాడు.

నాకు ఈ కథలో నచ్చేది చివరి దానం ఒక్కటే కాదు. అప్పటికి సగం ప్రపంచాన్ని గెలుస్తున్న రాజ్యానికి అధిపతి, ఒక గోడ దగ్గర ఆగి, మధ్యవర్తి ముందు మామూలు కక్షిదారుడిలా కూర్చున్నాడు.

అయితే మా చరిత్ర అంతా ఇలాగే ఉందని చెప్పుకుంటే అబద్ధం అవుతుంది. ఆ తర్వాత 70 ఏళ్లు కూడా గడవకముందే ఉమయ్యద్ ఖలీఫా వలీద్ డమాస్కసులో పెద్ద మసీదు కట్టడానికి, క్రైస్తవులు ఒప్పుకోకపోయినా వాళ్ల సెయింట్ జాన్ చర్చిని కూల్పించి కలిపేసుకున్నాడు. తర్వాత వచ్చిన ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ ముందు వాళ్లు ఫిర్యాదు పెడితే, ఆయన విని, నగరం చుట్టుపక్కల వాళ్లు పోగొట్టుకున్న చర్చిలను తిరిగి ఇచ్చే షరతు మీద రాజీ కుదిర్చాడు. అధికారంలో ఉన్నవాడి మతం ఏదైనా, అడ్డుకునేవాళ్లు లేకపోతే అతని చెయ్యి పక్కవాడి గోడ మీదికే వెళ్తుంది. మా మీద జరిగే అన్యాయం గురించి మాట్లాడేటప్పుడు వలీదును దాచిపెట్టి ఉమర్‌ను మాత్రమే చూపించడం నాకు ఇష్టం లేదు.

బొంబాయి ఫుట్‌పాత్ మీద

మన దేశానికొద్దాం. 1981 జూలైలో, నడివానాకాలంలో, మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఒక ప్రకటన చేశాడు. బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద ఉండేవాళ్లను ఖాళీ చేయించి వాళ్ల సొంత ఊళ్లకు పంపేస్తామన్నాడు. ఆ ముఖ్యమంత్రి పేరు అబ్దుల్ రహమాన్ అంతూలే. ఆ పేరును నేను కావాలనే రాస్తున్నాను. కుర్చీలో మనవాడు ఉంటే బీదవాడి గుడిసె నిలుస్తుందనుకునేవాళ్లకు అది ఒక పాఠం.

బొంబాయి మునిసిపల్ కార్పొరేషన్ చట్టం 1888 నాటిది. దాని 314వ సెక్షను దారులకు అడ్డంగా ఉన్నవాటిని నోటీసు లేకుండా తీసేసే అధికారాన్ని కమిషనరుకు ఇచ్చింది. ఓల్గా టెల్లిస్ అనే జర్నలిస్టు, కొందరు ఫుట్‌పాత్ నివాసులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1985 జూలైలో ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ నాయకత్వంలో అయిదుగురు జడ్జీల ధర్మాసనం తీర్పు చెప్పింది. బతికే హక్కులో బతుకుతెరువు కూడా ఉందని మొదటిసారి అంత గట్టిగా చెప్పిన తీర్పు అది. నోటీసు లేకుండా తీసేయవచ్చని చట్టం అన్నంతమాత్రాన నోటీసు ఇవ్వకూడదని అర్థం కాదని, ముందు చెప్పి, వాళ్ల మాట వినడమే నియమమని, అత్యవసరమైతేనే దానికి మినహాయింపు అని వివరించింది.

కానీ ఆ తీర్పు ఇంకో సగం కూడా మనం చదవాలి. ఫుట్‌పాత్ మీద ఉండే హక్కు వాళ్లకు లేదని కోర్టు చెప్పింది. వానాకాలం వెళ్లేదాకా ఆగమంది, 1976 జనాభా లెక్కలో గుర్తింపు కార్డులు పొందినవాళ్లకు వేరే చోటు చూపించమంది. అంటే అడగమంది, ఆ తర్వాత తీసేయనిచ్చింది. బీదవాడికి మన చట్టం ఇచ్చింది ఇంతే. ఇంతా చేసి ఇప్పుడు దానికోసమే పోరాడాల్సి వస్తోంది.

ఆస్తిహక్కు ఎవరిది?

ఇక్కడ నా వామపక్ష మిత్రులు కొంచెం ఇబ్బంది పడతారని నాకు తెలుసు. ఆస్తిహక్కు అనగానే వాళ్లకు జమీందారులు గుర్తొస్తారు. అందులో తప్పులేదు. రాజ్యాంగం వచ్చిన కొత్తలో ఆస్తి ప్రాథమిక హక్కు. దాన్ని డాలుగా పట్టుకుని జమీందారులు భూసంస్కరణలను కోర్టుల్లో అడ్డుకున్నారు. అందుకే 1951లో మొదటి సవరణ, తొమ్మిదో షెడ్యూలు వచ్చాయి. చివరికి 1978లో 44వ సవరణతో ఆస్తిని ప్రాథమిక హక్కుల జాబితాలోంచే తీసేశారు. దాని బదులు 300-ఎ అధికరణం పెట్టారు. చట్టం అధికారం లేకుండా ఏ మనిషి ఆస్తినీ తీసుకోకూడదని దాని సారాంశం. 1979 జూన్ 20 నుంచి అది అమల్లో ఉంది.

మమ్మల్ని చూడగానే కొందరికి నవాబులు గుర్తొస్తారు. హైదరాబాదులో జాగీర్లు 1949లోనే రద్దయ్యాయి. ఆ జాగీరుల్లో మా తాతలకు దక్కింది ఏమీ లేదు. దూది ఏకినవాళ్లు, జట్కా తోలినవాళ్లు, టైర్లకు పంక్చర్లు వేసినవాళ్లు, కోటలో కాదు గదా కోట గోడ పక్కన కూడా ఇల్లు లేనివాళ్లు మా తాతలు. వాళ్లు కూడబెట్టుకున్న ఆస్తి అంతా ఒక దాలాన్, ఒక గది, ఒక బావిగట్టు. వంద ఎకరాలవాడి ఆస్తిహక్కు, రెండు గదులవాడి ఆస్తిహక్కు ఒకే పేరుతో పిలవబడుతున్నాయి గానీ రెండూ ఒకటి కావు. మొదటిది ఇంకొకరి శ్రమ మీద అధికారం. రెండోది వాన పడితే తడవకుండా ఉండే హక్కు, రేషన్ కార్డు మీద చిరునామా, ఓటరు జాబితాలో పేరు, కూతురికి సంబంధం చూసేటప్పుడు చెప్పుకునే వీధి.

మా ఇంటి లోపలి మాట కూడా ఒకటి చెప్పాలి. ఆ ట్రంకుపెట్టెను జీవితమంతా కాపాడిన దాదీ పేరు ఆ కాగితంలో లేదు. అమ్మీ పేరూ లేదు. షరియత్ కూతురికి వాటా ఇచ్చిందని సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. మా చెల్లెళ్లకు ఆ వాటా ఇచ్చినవాళ్లు మా వాడలో ఎందరున్నారో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మునిసిపాలిటీ మమ్మల్ని అడగాలని కోరే మేం, మా ఇంటి ఆడవాళ్లను ఎప్పుడన్నా అడిగామా?

మునిసిపాలిటీకి కొత్త బలం

1992 డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదును కూల్చారు. అదే నెలలో పార్లమెంటు 74వ సవరణను ఆమోదించింది. 1993 జూన్ 1 నుంచి మునిసిపాలిటీలకు రాజ్యాంగ హోదా వచ్చింది. పన్నెండో షెడ్యూలులో వాటికి 18 పనులు అప్పగించారు. పట్టణ ప్రణాళిక, భూమి వాడకం, కట్టడాల నియంత్రణ, రోడ్లు, నీళ్లు, మురికివాడల బాగు, శ్మశానాలు అన్నీ అందులో ఉన్నాయి. ఇది మంచిదే. మా వాడలో మురికికాలువ బాగుపడాలన్నా, నల్లా నీళ్లు రావాలన్నా స్థానిక ప్రభుత్వం బలంగా ఉండాలి. నాలా మీద మేడ కట్టి కిందివాళ్ల ఇళ్లు ముంచేవాడిని ఆపాలన్నా అధికారం కావాలి. అలా కట్టేవాళ్లలో మావాళ్లూ ఉన్నారు. ఖబరస్తాన్ జాగాలో దుకాణాలు వేసి అద్దెలు తినేవాళ్లూ ఉన్నారు. వాళ్ల తరఫున నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు.

కానీ ఈ 18 పనుల్లో శిక్ష వేయడం లేదు. ఎవరు రాళ్లు వేశారో తేల్చడం మునిసిపాలిటీ పని కాదు. అది పోలీసు విచారించి కోర్టు తేల్చాల్సిన సంగతి. కట్టడానికి అనుమతి ఉందా, లేదా, రోడ్డును ఎంత ఆక్రమించింది అన్నదే మునిసిపాలిటీ చూడాల్సింది. 2022 నుంచి ఈ తేడా చెరిగిపోవడం మనం చూశాం.

ఆ ఏడాది ఏప్రిల్ 10న శ్రీరామనవమి ఊరేగింపులో గొడవ జరిగింది. మర్నాడే మధ్యప్రదేశ్ ఖర్గోన్‌లో బుల్డోజర్లు దిగాయి. కూలినవాటిలో ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద ప్రభుత్వమే డబ్బిచ్చి కట్టించిన ఇల్లు కూడా ఉందని పత్రికలు రాశాయి. ఏప్రిల్ 16న ఢిల్లీ జహంగీర్‌పురిలో గొడవ జరిగింది, 20న బుల్డోజర్లు వచ్చాయి. పొద్దున సుప్రీంకోర్టు ఆపమని ఉత్తర్వు ఇచ్చింది. అయినా ఆ తర్వాత కూడా చాలాసేపు అవి ఆగలేదు. బృందా కారత్ ఉత్తర్వు పట్టుకుని యంత్రం ముందు నిలబడాల్సి వచ్చింది. 2023 ఆగస్టులో హర్యానా నూహ్‌లో అల్లర్ల తర్వాత ఇలాగే జరిగితే పంజాబ్ హర్యానా హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. శాంతిభద్రతల సాకుతో ఒక మతంవాళ్ల కట్టడాలను కూల్చి జాతి ప్రక్షాళన చేస్తున్నారా అని అడిగింది. ఒక ఉన్నత న్యాయస్థానం మన ప్రభుత్వాన్ని ఆ ప్రశ్న అడగాల్సి వచ్చిందంటే సంగతి ఎంత దూరం వెళ్లిందో ఆలోచించండి.

ప్రతిచోటా అధికారులు చెప్పిన మాట ఒకటే: ఇది అక్రమ కట్టడాల తొలగింపు, గొడవతో సంబంధం లేదు. అయితే ఇన్నేళ్లు కనపడని అక్రమం గొడవ జరిగిన మూడోరోజునే ఎలా కనపడింది? వీధిలో అలాంటివే పది ఉంటే ఆ ఒక్కటే ఎందుకు కనపడింది?

2024 తీర్పులు

ఆలస్యంగానైనా కోర్టు ఈ ప్రశ్నలకు జవాబు చెప్పింది. 2024 మే నెలలో కలకత్తా మునిసిపల్ కార్పొరేషన్ కేసు తీర్పు వచ్చింది. పార్కు కోసం ఒక ప్రైవేటు స్థలాన్ని కార్పొరేషన్ తన చట్టంలోని ఒక సెక్షను చూపించి తీసుకోజూసింది. ఆ సెక్షను అలాంటి అధికారం ఇవ్వడం లేదని కోర్టు తేల్చింది. 300-ఎ కింద మనిషికి ఏమేమి దక్కాలో ఏడు అంశాలుగా చెప్పింది. ముందుగా నోటీసు ఇవ్వాలి. అభ్యంతరం వినాలి. నిర్ణయానికి కారణాలు చెప్పాలి. తీసుకునేది ప్రజావసరానికే కావాలి. న్యాయమైన పరిహారం ఇవ్వాలి. పని జాప్యం లేకుండా జరగాలి. చివరికి స్వాధీనం సహా వ్యవహారం పూర్తిగా ముగియాలి. కేవలం డబ్బిచ్చినంత మాత్రాన అడగకుండా తీసుకోవడం చెల్లదని దీని భావం.

నవంబరు 6న ఉత్తరప్రదేశ్ మహారాజ్‌గంజ్ కేసు. 2019లో రోడ్డు వెడల్పు పేరుతో ఒక జర్నలిస్టు ఇల్లు కూల్చారు. ఆయన ముస్లిం కాదు. నోటీసు ఇవ్వలేదు, దండోరా వేయించి సరిపెట్టారు. ఆక్రమణ అని వాళ్లు చెప్పినదాని కన్నా చాలా లోపలికి వెళ్లి కూల్చారు. 25 లక్షల రూపాయల మధ్యంతర పరిహారం ఇమ్మని కోర్టు ఆదేశించింది. మా గోడ మీద పనిచేసిన పద్ధతి పక్కవాడి గోడ దగ్గర ఆగదు అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

నవంబరు 13న జస్టిస్ గవాయి, జస్టిస్ విశ్వనాథన్ అసలు తీర్పు చెప్పారు. ఒక మనిషి మీద నేరం మోపినంత మాత్రాన, నేరం రుజువైనా సరే, అతని ఇల్లు కూల్చే అధికారం ప్రభుత్వ యంత్రాంగానికి లేదు. నేరం ఒకడు చేస్తే ఇంట్లో అందరినీ శిక్షించడం కుదరదు. ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు రాత్రికి రాత్రి వీధిన పడటం చూడదగిన దృశ్యం కాదని కూడా రాశారు. రిజిస్టరు పోస్టులో నోటీసు పంపాలి, గోడకూ అతికించాలి. జవాబుకు కనీసం 15 రోజులు ఇవ్వాలి. పాత తేదీలు వేయకుండా వెంటనే కలెక్టరుకు సమాచారం పంపాలి. స్వయంగా వచ్చి చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. ఉత్తర్వు వచ్చాక ఇంకో 15 రోజులు ఆగాలి. కూల్చేటప్పుడు వీడియో తీయాలి. నియమం తప్పితే అధికారి సొంత డబ్బుతో కట్టించాలి. అలాంటివే చాలా ఉండగా ఒక్కదాన్నే హఠాత్తుగా ఎంచుకుంటే, అది శిక్ష కోసమేనని అనుకోవాల్సి వస్తుందని కూడా చెప్పారు.

2025 ఏప్రిల్ 1న ఇంకో ధర్మాసనం, 2021లో ప్రయాగ్‌రాజ్‌లో కూల్చిన ఇళ్ల యజమానులకు తలా 10 లక్షలు ఇమ్మని అక్కడి అభివృద్ధి సంస్థను ఆదేశించింది.

సంతోషించాల్సిన తీర్పులే. కానీ నవంబరు 13 తీర్పులో ఒక మినహాయింపు ఉంది. రోడ్డు, వీధి, ఫుట్‌పాత్, రైలుపట్టా పక్కన, నది, చెరువు లాంటి చోట్ల ఉన్న అక్రమ కట్టడాలకు ఈ రక్షణలు వర్తించవు. కారణం అర్థమవుతుంది, నదికి దారి కావాలి. 1908 మూసీ వరద చూసిన నగరం ఆ మాట కాదనలేదు. కానీ మన ఊళ్లల్లో బీదవాడు ఎక్కడుంటాడు? రైలుపట్టా పక్కన, నాలా ఒడ్డున, నదిలోనే ఉంటాడు. మంచి జాగా అతనికి ఎవరిచ్చారు?

మూసీ ఒడ్డున

2024 సెప్టెంబరులో హైదరాబాదులో మూసీ ఒడ్డు ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో ఇంగ్లీషు అక్షరాలు వెలిశాయి. ఆర్, బి, ఎక్స్. ఇల్లు నదీగర్భంలో ఉందని దాని అర్థం. చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ అనే బస్తీలు పక్కపక్కనే ఉంటాయి. రెండు పేర్లూ, రెండు మతాల జ్ఞాపకాలూ ఒకే బురదలో. ఆ గుర్తు రెండిటి మీదా పడింది. వెళ్లేవాళ్లకు ప్రభుత్వం డబుల్ బెడ్‌రూం ఇళ్లు చూపించింది. కొందరు వెళ్లారు. పని దూరమైపోతుందని, పిల్లల బడి పోతుందని కొందరు ఏడ్చారు.

అంతకుముందు జూలైలో హైడ్రా అనే సంస్థ పుట్టింది. ఒక సినీనటుడి కన్వెన్షన్ హాలునూ అది కూల్చింది, అది చూసి చాలామంది చప్పట్లు కొట్టారు. పెద్దవాడి హాలు కూలినప్పుడు నాకూ సంతోషమే అనిపించింది, దాచుకోను. కానీ సెప్టెంబరు 30న తెలంగాణ హైకోర్టు అమీన్‌పూర్ కూల్చివేత మీద అధికారులను నిలదీసింది. ఆదివారం ఎందుకు కూల్చారు, కోర్టుకు వెళ్లే దారి లేకుండా ఎందుకు చేశారు అని అడిగింది. అప్పుడు నాకు సిగ్గేసింది. యంత్రం నియమం తప్పడం మొదలుపెడితే అది కన్వెన్షన్ హాలు దగ్గర ఆగదు. చివరికి ఆగేది రేకుల షెడ్డు దగ్గరే. హైదరాబాదు మునిసిపల్ చట్టం 1955 నుంచి ఉంది. ముందు నోటీసు ఇచ్చి కారణం చెప్పమని అడగాలని అందులోని 452వ సెక్షను ఎప్పుడో చెప్పింది. కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు. ఉన్నదాన్ని పాటిస్తే చాలు.

ఎర్రగుర్తు తర్వాత

ఇక మా ఇంటి కథ. పట్వారి పంతులు రాసిచ్చిన తెలుగు కాగితాలు పట్టుకుని అబ్బా, పక్కింటి పెద్దాయన కలిసి ఆఫీసు చుట్టూ తిరిగారు. ఎన్నిసార్లు తిరిగారో లెక్కలేదు. షాపు మూసిన రోజుల్లో మా ఇంట్లో పప్పు కూడా పలచబడింది. చివరికి ఒక ఆఫీసరు, కొత్తగా వచ్చినవాడు, ఇద్దరినీ కుర్చీల్లో కూర్చోబెట్టి కాగితాలు చదివాడు. మర్నాడు తానే టేపు పట్టించుకుని వచ్చి రోడ్డుకు రెండువైపులా కొలిపించాడు. అంతా మావైపే ఎందుకు పోవాలని అతనికే అనిపించింది. గీత మారింది. మా దాలాన్‌లో నాలుగడుగులు పోయాయి, పక్కింట్లో నాలుగడుగులు, ఎదురుగా దుకాణాల్లో నాలుగడుగులు. పరిహారం కొంచెమే వచ్చింది, అదీ రెండేళ్లకు.

గోడ పడగొట్టిన రోజు దాదీ ఏడ్చింది. కానీ ఆ ఆఫీసరును తిట్టలేదు. ఆయన కూర్చోమన్నాడా అని అబ్బాను రెండుమూడుసార్లు అడిగి చెప్పించుకుంది. ఊరికి రోడ్డు కావాలంటే ఇస్తాం, మనమూ ఆ రోడ్డు మీదే నడుస్తాం కదా అంది.

ముస్లింగా ఈ దేశంలో నేను అడిగేది దాదీ అడిగినదానికన్నా ఎక్కువేమీ కాదు. నా గోడ పవిత్రమైందని, దాన్ని ఎవరూ ఎప్పుడూ తాకకూడదని నేను అనడం లేదు. తాకేముందు నన్ను పిలవండి. నా కాగితం ఏ భాషలో ఉన్నా చదివించి వినండి. నేను తప్పు చేసి ఉంటే ఎక్కడ తప్పానో రాసివ్వండి. పక్కవాడికి ఏ కొలత పెట్టారో నాకూ అదే కొలత పెట్టండి. అలా అడిగినప్పుడు నేను ఈ ఊరివాడిని అవుతాను. అడగకుండా కూల్చినప్పుడు, నా దగ్గర ఎన్ని తరాల రసీదులున్నా, నేను ఇక్కడివాడిని కానని మీరు తేల్చేసినట్టే.

ట్రంకుపెట్టె ఇప్పుడు మా ఇంట్లో ఉంది. ఉర్దూ కాగితం, దానికి పంతులు రాసిన తెలుగు కాగితం రెండూ ఒకే గుడ్డలో చుట్టి పెట్టాం. పోయినేడాది మా చెల్లెళ్ల పేర్లు కూడా ఎక్కించి కొత్త కాగితం రాయించాను. దాని మీద మూడు సంతకాలున్నాయి.